ఎత్తిన చెయ్యి

ఆ మున్సిపల్ సభలో చెయ్యెత్తితే టీ కావాలని అర్థం. తీర్మానాలన్నీ బల్ల చరిచి ఆమోదించి, దాన్నే ఐకమత్యమని గొప్పగా చెప్పుకునేవారు. మార్కెట్లో కుట్టుమిషను పెట్టుకుని బతికే దర్జీ అక్క కౌన్సిలరయ్యాక, ఒకరోజు మొదటిసారి చెయ్యెత్తింది. బంట్రోతు పరుగున టీ తెచ్చి ముందు పెట్టాడు.

"టీ కాదు తమ్ముడూ," అని ఆమె ఛైర్మన్ వైపు తిరిగింది. "మార్కెట్లో ఆడవాళ్ల మరుగుదొడ్డికి ఉంచిన డబ్బుతో ఈ హాలుకి మెత్తటి కుర్చీలా? నేనొప్పుకోను."

"ఆ కుర్చీ నీకూ వస్తుంది కదమ్మా!"

"పొద్దున్నించి బిగబట్టుకుని కూర్చునేదానికి కుర్చీ మెత్తగా ఉంటే ఎంత, గట్టిగా ఉంటే ఎంత? ఒకరు కాదన్నారని తీర్మానాల పుస్తకంలో రాయించండి."

"తర్వాత చూద్దాంలే. ముందు చెయ్యి దించు."

ఆమె దించలేదు. తర్వాతి అంశాలకు బల్లలు మోగుతూనే ఉన్నాయి. ఒక చెయ్యి నొప్పెడితే రెండోది ఎత్తింది. టీ మీద మీగడ కట్టింది. చివరికి ఛైర్మనే విసిగిపోయి, "రాసెయ్యవయ్యా, ఆవిడ కాదన్నారని!" అని గుమాస్తా మీద కసిరాడు.

అప్పుడు చెయ్యి దించింది.

"వచ్చే సభకి మార్కెట్లో ఆడవాళ్లందరం కలిసొస్తాం. మాకు కుర్చీలు వెయ్యక్కర్లేదు. మీ గది పక్కనున్న బాత్రూం తాళం తీసి ఉంచండి, చాలు."