గేటు కాడ ఎవలో వచ్చారు

అది 2017 జూన్ పన్నెండు, సోమవారం. నైరుతి వస్తున్నానని కబురంపి, తాను మాత్రం రాని రోజులు. పక్కనే సముద్రమున్నా ఆకు కదలదు. ఉతికిన చొక్కా ఒంటిమీదికి రాగానే తడిసిపోతుంది. ఆ ఉక్కలో ధనశ్రీ మద్దిలపాలెంలో, ఓడ సరుకుల కాగితాలు చూసే ఒక కార్యాలయంలో ఉద్యోగానికి చేరింది. చేరిన అరగంటకే అటెండరు పైడయ్య ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

"కింద గేటు కాడ మీకోసం ఎవలో వచ్చారమ్మా."

లిఫ్టు లేని మేడ. మూడంతస్తులు దిగి చూస్తే గేటు దగ్గర ఒక ఆవు తప్ప ప్రాణి లేదు. రొప్పుతూ ఎక్కివచ్చి అడిగితే, "ఎల్పోనారు కాబోలు" అన్నాడు తొణక్కుండా.

పైడయ్యకున్నది ఒకటే జబ్బు: మనిషన్నవాడు అరగంటకు మించి కుర్చీలో కూర్చుంటే చూసి ఓర్వలేడు. లేవండని చెబితే లేచేవారెవరు? అందుకని అబద్ధమాడేవాడు. లోకంలో అబద్ధాలు కొన్ని స్వార్థానికి పుడతాయి, కొన్ని భయానికి పుడతాయి, మరికొన్ని కేవలం నోటి దురదకు పుడతాయి. గడియారం చూసుకొని పుట్టే అబద్ధాలు మాత్రం ఆ ఒక్క కార్యాలయంలోనే ఉండేవి. అవి కూడా ఆనవాళ్ళతో సహా పుట్టేవి.

"తెల్ల సొక్కా, సంకలో నల్ల బేగు. మీ ఊరోడేనట."

"మాది ఎలమంచిలి. అక్కణ్ణించి పనిగట్టుకొని నాకోసం ఎవరొస్తారు బాబాయ్?"

"నానూ అదే అడిగినానమ్మా. నువ్వు దిగితే గానీ సెప్పనన్నాడు."

అబద్ధమని అందరికీ తెలుసు. తెలిసీ దిగకుండా ఉండలేకపోవడానికి ఒక చరిత్ర ఉంది. పూర్వం ఒకనాడు మేనేజరు నీలకంఠం గారు, "నీ కథలు నా దగ్గర కాదు" అని కుర్చీని అంటిపెట్టుకొని కూర్చున్నారు. ఆ రోజు నిజంగానే ఆయన మామగారు, మోకాళ్ళ నొప్పుల మనిషి, మామిడిపళ్ళ బుట్టతో ఇరవై నిమిషాలు ఎండలో నిలబడిపోయారు. ఆ పళ్ళలో ఒక్కటి కూడా నీలకంఠం గారి కంచం దాకా రాలేదని వినికిడి. అప్పటినుంచి పైడయ్య మాట కాదనే సాహసం ఎవరూ చెయ్యలేదు.

మంచినీళ్ళ డబ్బా ఒక మూల, గ్లాసులు ఇంకొక మూల ఉండేవి. లెక్కలు చూసే కార్తీక్ ఒకసారి విసుక్కున్నాడు.

"గ్లాసులు నీళ్ళ పక్కన పెడితే నీ సొమ్మేం పోద్ది బాబాయ్?"

"నాదేటి పోద్ది బాబూ. పోయీది మీ నడుమే."

రెండేళ్ళు గడిచేసరికి ధనశ్రీ కుడిచేతి బొటనవేలికీ, పక్క రెండు వేళ్ళకూ తిమ్మిరి పట్టుకుంది. పగలంతా మౌసు, బస్సులో ఫోను, ఇంటికి పోయాక మళ్ళీ ఫోను. ఉదయం నిద్ర లేచేసరికి ఆ చెయ్యి పరాయి మనిషిదిలా ఉండేది. పదిసార్లు దులిపితే గానీ స్వాధీనంలోకి వచ్చేది కాదు. ఆమెది ఏడాది ఒప్పందపు ఉద్యోగం. రోజుకు ఎనభై కాగితాలు టైపు చెయ్యలేదో, వచ్చే ఏడాది కొనసాగింపు ఉండదు. అందుకే ఎవరికీ చెప్పలేదు. ఒకనాడు టీ గ్లాసు చేతిలోంచి జారి పగిలితే, చెమటకు జారిందని నవ్వేసింది. పైడయ్య పెంకులు ఏరి పారేశాడు.

మర్నాడు పదకొండింటికి మళ్ళీ వచ్చి నిలబడ్డాడు.

"గేటు కాడ ఎవలో వచ్చారమ్మా."

"ఇవాళ్టికి నన్ను వదిలెయ్ బాబాయ్. ఇంకా యాభై మిగిలాయి."

"వదల్ను. సంచీ కూడా ఒట్టుకురా."

దిగి చూస్తే ఈసారి గేటు దగ్గర నిజంగానే ఆటో ఉంది. వెనకే దిగివచ్చిన పైడయ్య ముందుగా ఎక్కి కూర్చున్నాడు.

"నాకోసం వచ్చిందెవరు?"

"నానే. ఎక్కు. నరాల డాక్టరు కాడికి ఎల్తన్నాం."

"మేనేజరు గారితో చెప్పావా ఏమిటి? నా ఉద్యోగం పోతుంది బాబాయ్."

"సెప్పీసినాను. మీ మావగారొచ్చారని ఆయన్ని కిందికి దింపి, మెట్ల మీదే మొత్తం సెప్పీసినాను. సెయ్యి బాగయ్యీదాకా రోజుకి నలభై సాలన్నారు. ఉజ్జోగం ఎక్కడికీ పోదన్నారు."

ఆటో కదిలాక పైడయ్య తన కుడి అరచెయ్యి విప్పి చూపించాడు. బొటనవేలి మొదట్లో ఎత్తుగా ఉండవలసిన కండ లేదు. అక్కడ చిన్న గొయ్యి ఉంది.

"హార్బర్లో వలలు కుట్టీవోణ్ణి. వల సూదంటే జానెడు సెక్క. దాని కడుపులో నూలు సుట్టుకోవాల. అది అయిపోతే లేచెల్లి మళ్ళీ నింపుకోవాల. అందరూ లేచీవోరు. నాను తెలివైనోణ్ణి కదా, పొద్దున్నే ఆరు సూదులు నింపుకొని కూకునీవోణ్ణి. నా అంత బేగి కుట్టీవోడు రేవులో లేడు. తిమ్మిరొస్తే దులుపుకునీవోణ్ణి, నువ్వు దులుపుకున్నట్టే. నూలు అయిపోడం మన మంచికేనని తెలిసీసరికి, సూది సేతిలో నిలబడ్డం మానీసింది."

ధనశ్రీకి ఇన్నాళ్ళూ తాను తిట్టుకుంటూ దిగిన మెట్లన్నీ ఒక్కసారిగా కళ్ళముందు కదిలాయి.

మణికట్టులో నరం నొక్కుకుపోతోందనీ, కండ ఇంకా తరగలేదు గనుక వేళకే వచ్చారనీ డాక్టరు చెప్పారు. మణికట్టుకు పట్టీ, షుగరుకూ థైరాయిడుకూ పరీక్షలు రాసి, ఫోను తగ్గించమన్నారు.

"అరగంటకోసారి తప్పనిసరిగా లేవాలమ్మా. గుర్తుంటుందా?"

"దానికి మా ఆఫీసులో ఒక మనిషి ఉన్నాడండీ" అంది ధనశ్రీ.

నాలుగు నెలలకు తిమ్మిరి వదిలింది. ఆ పై ఏడాది ఒప్పందం మీద ధనశ్రీ తన కుడిచేత్తోనే, వంకర పోకుండా సంతకం చేసింది. కొన్నాళ్ళకు పైడయ్య పని మానేసి రేవు దగ్గరి సొంత ఇంటికి వెళ్ళిపోయాడు. అయిదేళ్ళ తరవాత, మొన్న శ్రావణంలో, ఆమె పేర ఒక ఉత్తరం వచ్చింది.

"ధనమ్మకి పైడయ్య రాయడం. నాను కులాసా. నీ సెయ్యి ఎలాగుంది? ఇక్కడ వలలు కుట్టీవోళ్ళకి సూదులు నింపిచ్చే పని ఒప్పుకున్నాను. నూలు సుట్టడానికి ఎడం సెయ్యి సాలు. ఒక్కో సూదీ సగమే నింపుతన్నాను. ఆళ్ళలో మా సిట్టమ్మొదినైతే రోజుకి పాతికసార్లు వచ్చి తిడతాది. తిట్టనీ. తిట్టడానికైనా లేచి రావాల కదమ్మా."