తాలు ఫోల్డరు

మా అమ్మ మిరపకాయలు ఏరేటప్పుడు కాయ వంక చూడదు. ఆ పని వేళ్ళే చూసుకుంటాయి. రంగు పోయిన కాయా, మచ్చ పడిన కాయా పక్కకు వెళ్ళిపోతాయి. వాటిని మావైపు తాలు అంటారు. రొంపిచెర్ల దగ్గర మా కల్లంలో చిన్నప్పటి నుంచీ ఆమె పక్కన కూర్చుని నేనూ ఏరాను. నా చెయ్యి మహా చురుకని అందరూ అనేవారు. ఆ పొగడ్త నాకు కాస్త తలకెక్కింది కూడా.

తర్వాత హైదరాబాదులో పీహెచ్‌డీలో చేరాను. మూలకణాల పైన కనిపించే ఒక ప్రోటీన్ మీద పని. కణం పైపొర నున్నగా ఉండదు. సన్నటి వేళ్ళలాంటి మొలకలు లేచి ఉంటాయి. ఈ ప్రోటీన్ వెళ్ళి ఆ మొలకల దగ్గరే చేరుతుంది. అది ఎక్కువైతే మొలకల ఆకారం మారుతుందా అన్నది నా ప్రశ్న. కొన్ని డిష్షుల్లో ప్రోటీన్ పెంచిన కణాలు, కొన్నింటిలో మామూలువి. మైక్రోస్కోపు కింద ఫొటోలు తీసి మొలకలను కొలవాలి. ఏ ఫొటో ఏ డిష్షుదో నాకు తెలియకుండా వాటికి నంబర్లు వేయించాను. ఇక నావల్ల పక్షపాతం జరగదని ధీమా.

కొలిచే ముందు పాడైన కణాలను తీసెయ్యడం ల్యాబులో అందరూ చేసేదే. నేనూ చేశాను. మొలకలు తిన్నగా ఉంటే ఉంచాను. కొమ్మలుగా చీలి, కుచ్చులా గుమిగూడి ఉంటే కణం చెడిందనుకుని తీసేశాను. ఒక్కో ఫొటోకి అర నిమిషం కూడా పట్టలేదు. తీసేసినవన్నీ ఒక ఫోల్డర్లో వేసి, దానికి తాలు అని పేరు పెట్టాను. మిగిలినవి కొలిస్తే రెండు రకాల కణాలకూ తేడా రాలేదు. ఈ ప్రోటీన్ ఆకారాన్ని మార్చదని థీసిస్ రాసేశాను.

థీసిస్ యూనివర్సిటీకి ఇవ్వడానికి ఇంకా ఆరు వారాలుండగా, చివరి అధ్యాయం దిద్దుకుందామని ఇంటికొచ్చాను. కల్లంలో పట్టా మీద లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాను. అమ్మ తాలు కాయలను రెండు కుప్పలుగా వేస్తోంది.

"ఏందమ్మా, తాలు గూడా రెండు కుప్పలా?"

"అది రోడ్డు చేనుది, ఇది వాగు చేనుది. చూడు, ఈసారి తాలంతా వాగు చేల్లోదే. ఆ చేనుకేదో అయింది. ఏ చేలోదో చూడకుండా కలిపేస్తే ఎట్టా తెలుస్తదే?"

నా తాలు ఏ డిష్షులదో నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఏ నంబరు ఏ డిష్షుదో రాసిన జాబితా తెరిచి తాలు ఫోల్డరుతో సరిచూశాను. దాదాపు అన్నీ ప్రోటీన్ పెంచిన డిష్షులవే. అవి చెడిన కణాలు కావు. మొలకలను అలా చీల్చి గుబురు చేయడమే ఆ ప్రోటీన్ పని. నాలుగేళ్ళు వెతికిన జవాబును నా చేతులతో నేనే ఏరి పక్కన పడేశాను.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆరు వారాల్లో థీసిస్ ఇచ్చేసి బయటపడతాను. చెబితే ఇంకో ఏడాది, అదీ గడువు పెంచితేనే. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు, పనిలో తప్పు చేశానని మాత్రం అమ్మకు చెప్పి, నరసరావుపేటలో బస్సెక్కాను.

మా గైడ్ ఆ ఫొటోలను చాలాసేపు చూసింది. వీటిని ఎందుకు తీసేశావని అడిగింది.

"చిన్నప్పటి నుంచి మిరపకాయలు ఏరిన అలవాటు మేడమ్. మా అమ్మ నేర్పింది."

"మరి మళ్ళీ చూడాలని ఎలా తట్టింది?"

"నాకే అనుమానం వచ్చింది మేడమ్."

ఆవిడ మెచ్చుకుంది. గడువు పెంచమని తానే రాస్తానంది. కొలతలు మాత్రం ఈసారి వేరేవాళ్ళ చేత చేయించమంది.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది.

"ఏమే, మీ మేడం తిట్టిందా?"

"లేదు. మెచ్చుకుంది."

"తప్పు చేస్తే మెచ్చుకోవడమేందే?"

"తీసేసినవి మళ్ళీ చూసినందుకు."

"చూడాలి గదా మరి," అంది, అదేదో చానా మామూలు విషయమైనట్టు. వచ్చే ఏడు వాగు చేల్లో మిరప వెయ్యొద్దని నాన్నతో చెప్పానంది.

మేడమ్ ముందు, తప్పు అమ్మ నేర్పిందన్నాను. దిద్దింది కూడా ఆమేనని అనలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ సంగతి అమ్మకు ఇంతవరకూ చెప్పలేదు.