కదలని కారులో ముగ్గురు

మా కారు ముందు చక్రాల దగ్గర చప్పుడు మొదలైనప్పుడు నేను రేడియో గొంతు పెంచాను. కర్నూలులో కారున్నవాళ్ళు చేసే మొదటి మరమ్మతు అదే. ఆ వైద్యంతో వేసవి అంతా నెట్టుకొచ్చాను. గుంత వస్తే టక్కుమనేది, స్పీడ్ బ్రేకర్ ఎక్కితే టకటకమనేది, నేను పాట వింటున్నట్టు తల ఊపేవాణ్ణి.

నందికొట్కూరులో మా వియ్యపురాలికి పాటలు గిట్టవు. మా అమ్మాయిని పరీక్షకు ఆసుపత్రికి తీసుకువెళ్ళిన రోజు ఆమె కూడా కారెక్కి, రేడియో కట్టేయమంది. ఆసుపత్రి చేరేసరికి ఆమె తీర్పు సిద్ధంగా ఉంది.

"అన్నా, ఇది కారా, కంకర మిల్లా? నెలలు నిండిన పిల్లను దీంట్లో ఎట్ల పంపేది? కాన్పు మీ ఇంట్లో అనుకుంటాండాం గానీ, దోవలోనే అయ్యేట్టుండాది."

తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. తొమ్మిదో నెలలో ఒక గురువారం అమ్మాయిని తీసుకుపోవడానికి మంచిదని పెద్దలు అప్పటికే చెప్పి ఉన్నారు. నా భార్య గది కడిగించి, పాత చీరలు ఉతికి పొత్తిగుడ్డలు కూడా చింపి పెట్టుకుంది.

"బాడుగ కారు తెస్తాంలే వదినా" అంది నా భార్య.

"ఇంటి ముందర సొంత బండి పెట్టుకోని బాడుగ బండిలో పిలుచుకపోతే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? బండి బాగు చేసుకోని రాండి, పంపిస్తా. ల్యాకుంటే కాన్పు ఈడనే."

తిరిగి వచ్చేటప్పుడు నా భార్య బదులు కారే మాట్లాడింది.

వర్క్‌షాపులో పెళ్ళిళ్ళ కాలం, తీరిక లేదు, గురువారం దాటాక తెమ్మన్నారు. ఇంట్లో బాధగా ముఖం పెట్టాను గానీ, లోపల నాకు సంతోషంగానే ఉంది. నా బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. మిగిలిన చదువంతా ఊళ్ళో గ్రంథాలయంలో, ఫ్యాను కింద బల్ల దగ్గర సాగింది. ఉల్లి తెగుళ్ళ నుంచి ఉపనిషత్తుల దాకా బీరువా వరసన చదివాను. కార్ల మరమ్మతు మీద ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉంది. దాన్ని ఇంటికివ్వరు కనుక, నిఘంటువు పక్కన పెట్టుకొని అక్కడే చదివేశాను. ఆ పుస్తకంలో కార్లన్నిటికీ స్టీరింగు ఎడమవైపే ఉంటుంది. అద్దంలో చూసుకొని గడ్డం గీసుకునేవాడికి అదొక ఇబ్బంది కాదు.

చక్రాన్ని కారు ఒంటికి పట్టి ఉంచే ఇనుప చేయి ఒకటుంటుంది. లోయర్ ఆర్మ్ అంటారు. దాని ఒక చివర గుండు కీలు, ఇంకో చివర రబ్బరు బుష్‌లు. ముసలివాళ్ళ మోకాళ్ళలాగే అవి అరుగుతాయి, చప్పుడూ చేస్తాయి. కొత్త చేతులు రెండు తెచ్చి, ఆదివారం పొద్దున్నే వాకిట్లో పని మొదలుపెట్టాను. జాకీతో ఎత్తి, తీసిన చక్రాన్ని భద్రం కోసం కారు కిందే పడుకోబెట్టాను. బోల్టులు నూనె తాగి దారికొచ్చాయి. గుండు కీలు మాత్రం రానంది. సుత్తి తీశాను.

"పుస్తకంలో సుత్తి ఉండాదా?" అంది గడపలో కూర్చున్న నా భార్య.

"ఉండాది."

"ఆ తిట్లు కూడా ఉండాయా?"

మధ్యాహ్నానికి రెండు చేతులూ మారాయి. ఇక బుష్‌ల బోల్టులు గట్టిగా బిగించాలి. ఇక్కడే నా చదువు అక్కరకొచ్చింది. చక్రం గాలిలో వేలాడుతుండగా ఆ బోల్టులు బిగిస్తే రబ్బరు మెలితిరిగి తొందరగా చిరిగిపోతుంది. కారు తన బరువుతో చక్రాల మీద నిలబడి ఉన్నప్పుడే బిగించాలని పుస్తకం చెప్పింది. ఖాళీ కారు చాలనీ చెప్పింది. అక్కడే నేను దాన్ని సవరించాను. అది రాసినవాళ్ళ కారులో ఒక మనిషి, మహా అయితే ఒక కుక్క ఎక్కుతారు. మా ఇళ్ళలో కారు ఖాళీగా ఎప్పుడు పోయింది?

ఇల్లు కట్టినప్పుడు మిగిలిన కడప బండలు గోడకు ఆనించి ఉన్నాయి. వాటిని నాలుగు చక్రాల కిందా సమంగా పేర్చి, కింద దూరేంత జాగా చేసుకున్నాను. తర్వాత ఎదురింటి కిరాణా అంగడాయనను, ఆయన భార్యను బతిమాలి వెనక సీట్లో కూర్చోబెట్టాను. ముందు సీట్లో నా భార్య కూర్చుంది. నేను స్పానరు పట్టుకొని కిందికి దూరాను.

వీధిలో పోతున్నవాడెవడో నిలబడ్డాడు. "ఏమన్నా, సంసారాలతో సహా యాడికి పోతాండారు?"

"యాడికీ లేదప్పా" అన్నాడు అంగడాయన కిటికీలోంచి. "బరువు కోసం కూర్చోనుండాం."

"కదలొద్దండి" అని కింద నుంచి అరిచాను.

"ఉడుకుతాండామప్పా! ఏసీ అన్నా వెయ్యి. నా అంగట్లో బియ్యం బస్తాలు కూడా ఇంత కష్టపడవు."

"అవన్నా నోరు మూసుకోనుంటాయి" అంది ఆయన భార్య. "కదలొద్దంటాండాడు కదా, ఉండు."

బోల్టులు బిగిసేదాకా ముగ్గురూ శిలల్లా కూర్చున్నారు. పుస్తకం రాసినవాళ్ళు అంతటి సహకారాన్ని ఊహించి ఉండరు.

సోమవారం చక్రాల అలైన్‌మెంట్ సరిచూపించి, గురువారం నందికొట్కూరు వెళ్ళాం. వియ్యపురాలు అమ్మాయిని పిలవలేదు. ముందు తానే ఎక్కింది. ఊళ్ళో గుంతలన్నీ ఆమెకు పేరుపేరునా తెలిసినట్టు, "ఈ పక్క తిప్పు, ఆ పక్క పోనీ" అంటూ ఒక్కదాన్నీ వదలకుండా తిప్పింది. కారు కిక్కురుమనలేదు. ఆమె ముఖం మాత్రం వాడిపోతూ వచ్చింది. ఇంటి ముందు దిగి, "బాగుండాది అన్నా. శానా బాగుండాది" అంటూ లోపలికి పోయింది.

కాసేపటికి అమ్మాయి నుదుట బొట్టుతో, ఒడిలో పసుపుకుంకుమలతో బయటికి వచ్చింది. వెనకాలే వియ్యపురాలు కొత్త చీర కట్టుకొని, చేతిలో సంచితో వచ్చింది.

"బస్సు కుదుపులకు నడుము నొచ్చి ఇన్నాళ్ళూ మీ ఇంటికి రాలేకపోతి వదినా" అంది నా భార్యతో. "ఇంత మెత్తగా పోతే నేనూ వస్తా. కాన్పయ్యేదాకా ఈడ నాకేం పని?"

"రా వదినా, దానికేం" అంది నా భార్య. ఆ గొంతు నాకు తెలుసు.

అమ్మాయి వాళ్ళమ్మ భుజం మీద తల పెట్టుకొని కర్నూలు దాకా నిద్రపోయింది. ఇంటి దగ్గర వియ్యపురాలు సంచి తీసుకొని, కడిగించి పెట్టిన గదిలోకి నేరుగా నడిచింది. నా భార్య కారు దగ్గరే ఆగి, గొంతు తగ్గించి అడిగింది.

"ఆ అరిగిపోయిన ముక్కలు పారేసినావా?"

"లేదు, వాకిట్లోనే ఉండాయి."

"మళ్ళా బిగించొచ్చా?"