మచ్చ లేని ఫిల్మ్

నేను పుట్టింట్లో ఉన్నప్పుడు మా ఆయన చలికి తాళలేక బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి పడుకున్నాడు. ఆ పొగ విషమై మెదడుకెక్కింది. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టి బతికించారు. మెదడు ఎంత కోలుకుందో చూడాలని డాక్టర్లు అంటే, కొన్ని నెలలకు కరీంనగర్‌లో మళ్లీ స్కాన్ తీయించి, నిర్మల్ బస్సెక్కాం.

స్కాన్ తీసేచోట చూసిన జంటే మా ముందు సీటులో ఉంది. అతనికి పట్టిందీ కుంపటి పొగేనట. జగిత్యాలలో బస్సు ఆగినప్పుడు ఆమె వెనక్కి తిరిగింది.

"మీ ఆయనది ఎట్లొచ్చిందక్కా?"

"సాఫ్ ఉందన్నరు," అన్నాను.

ఆమె మా ఫిల్మ్ అడిగి తీసుకుంది. కిటికీ అద్దం జరిపి, వెలుతురుకు పట్టి చూసింది.

"మాదాంట్ల తెల్ల మచ్చలు ఇంక పోలే. నీ నసీబు మంచిగుందక్కా," అంది. ఈర్ష్య దాచుకోలేదు.

బస్సు కదలగానే ఆమె భర్త కసిరాడు. "గా అద్దం ముయ్యవే. సలిగాలి కొడితే నీకు దగ్గు లేస్తది. ఎన్నిసార్లు చెప్పాలె?"

"సూడక్కా, పొద్దంత గిదే లొల్లి," అందామె.

నాకు ఒళ్లు మండిపోయింది. మచ్చలున్న ఆ మెదడుకు ఆమె దగ్గు గుర్తుంది. మచ్చ లేని మా ఆయన తినమంటే తింటాడు, లెమ్మంటే లేస్తాడు. ఇన్ని నెలల్లో నన్ను ఒక్కసారి కసిరింది లేదు.

ఆమె అద్దం మూసేసింది. నేను మా పక్క అద్దం పూర్తిగా తెరిచి, కొంగు కప్పుకోకుండా మా ఆయన వైపే చూస్తూ కూర్చున్నాను.

నిర్మల్ దాకా అది తెరిచే ఉంది.