రెప్ప ఆడింది

ఏడాదిగా సదానందానికి ఒక్కటే జబ్బు. కంటి మూల వేలితో ముట్టి చూడందే ఎవరైనా నిద్రపోయారంటే నమ్మడు. బస్సులో పక్కన కునికేవాణ్ణీ వదలడు, పెళ్లింట్లో గురకపెట్టే బావనూ వదలడు. "రెప్ప ఆడింది. ఉత్తగనే పండుకున్నడు" అని నలుగురి ముందూ తీర్పు చెప్పేస్తాడు.

గోదావరిఖని బొగ్గుబావిలో ముప్పయ్యేళ్లు సర్దారుగా, అంటే కూలీల భద్రత చూసే మేస్త్రీగా చేశాడు. పైకప్పును కట్టెతో కొట్టి, చప్పుడును బట్టి అది కూలదని తేలాక గానీ మనుషుల్ని లోపలికి పంపేవాడు కాదు. రిటైరయ్యాక కమాన్‌పూర్ రోడ్డులో వీరేందర్ పెట్టిన కోళ్లు కోసే యూనిట్‌లో డ్యూటీకి కుదిరాడు. అక్కడ గొలుసుకు తలకిందులుగా వేలాడే కోళ్ల తలలు ముందు కరెంటు పారే నీళ్ల తొట్టిలో మునుగుతాయి. స్పృహ తప్పాక కత్తి. సదానందం చెయ్యాల్సింది గొలుసు బటన్ నొక్కడమే. కానీ ప్రతి కోడి కన్నూ ముట్టి చూస్తాడు; రెప్ప ఆడితే స్పృహ ఉన్నట్టేనని గొలుసు ఆపేస్తాడు.

వీరేందర్‌కు ఆ మనిషంటే ఒళ్లుమంట. చౌరస్తా ఫ్లెక్సీ మీద దండం పెడుతూ వెలిగే ఓనరు తను. ఒక బావి ముసలాడు తన గొలుసు ఆపడమేమిటి? కరెంటు ఎక్కువైతే రెక్కలకు ఎర్రమచ్చలు పడుతున్నాయని ఆ పొద్దున తనే తగ్గించాడు. పదకొండింటికల్లా రెండొందల కోళ్లు మందమర్రి పెళ్లికి చేరాలి.

మొదటి కోడికే గొలుసు ఆగింది.

"రెప్ప ఆడింది" అన్నాడు సదానందం.

"ఎట్లైనా సచ్చేదే గద కాకా!"

"నువ్వు గూడ సచ్చేటోనివే. మొన్న పన్ను పీకిచ్చుకున్నప్పుడు సూది ఎందుకు ఏపిచ్చుకున్నవ్?"

కత్తి దగ్గర నిలబడ్డ పూలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వీరేందర్ అది చూడనే చూశాడు.

"గొలుసు నడిపియ్యి. లేకుంటే ఇద్దరు ఇంటికి పోండ్రి."

"కరెంటు పెంచేదాక నేను కొయ్య సారు" అంటూ పూలమ్మ కత్తి కింద పెట్టేసింది. ఆమె ఇల్లు ఆ కత్తి మీదే నడుస్తోంది.

"కోడిని కొయ్యనీకి ఇంత కతనా? సూడుండ్రి!"

వీరేందర్ చొక్కా చేతులు మడిచి కత్తి అందుకున్నాడు. కోళ్ల వ్యాపారమే గానీ, మహానుభావుడు తన చేత్తో ఒక్క కోడిని కోసిన పాపాన పోలేదు. తల పట్టుకోగానే కోడి కళ్లు విప్పి సూటిగా అతన్నే చూసింది. టపటపా రెక్కలు కొట్టింది. కత్తి ఒకవైపు పడింది, ఓనరు ఒకవైపు పడ్డాడు.

తెలివి వచ్చేసరికి మొహం మీద నీళ్లు, పూలమ్మ గొంతు.

"మొదటిరోజు నాకు గూడ గిట్లనే అయింది సారు. మూడు దినాలు బువ్వ దిగలె. పని ఇడిశిపోత అన్న. 'పోకు బిడ్డా, ఇగ ఒక్కటి గూడ నిన్ను సూడది. నేను ముట్టి సూశినంకనే పంపుత' అన్నడు కాక. గప్పటిసంది బస్సులల్ల, పెండ్లిండ్లల్ల మనుషుల మీద నేర్సుకున్నడు, పాపం."

వీరేందర్‌కు సిగ్గు ముంచుకొచ్చింది. లేస్తే ఏం మొహం పెట్టుకోవాలో తోచక, కళ్లు గట్టిగా మూసుకుని అలాగే పడుకున్నాడు.

ఒక మొరటు వేలు వచ్చి అతని కంటి మూల తాకింది.

"ఉత్తగనే పండుకున్నడు బిడ్డా" అన్నాడు సదానందం. "లే కొడుకా, లేశి కరెంటు పెంచు. మందమర్రోళ్లు కూరకు సూస్తుండ్రు."