భూమేశ్ ఆటోలో పంజరం

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి ఆటో నడిపే భూమేశ్‌కు నెమ్మది అంటే తెలియదు. స్పీడ్‌బ్రేకర్ల మీద జనాన్ని ఎగరేస్తూ తీసుకుపోతాడు. ఇంట్లో మాత్రం వేరే మనిషి. పొద్దున్నే లవ్‌బర్డ్స్ పంజరంలో పేపరు మార్చి, గింజల పొట్టు ఊది, నీళ్ల గిన్నె తోమితే గానీ చాయ్ తాగడు. ఆ రోజు ఆడపిట్ట ఈకలు ఉబ్బించుకొని పంజరం అడుగున కూలబడి ఉంది. గుడ్డు అడ్డం పడిందని అతనికి అర్థమైంది. నిరుడు ఒక పిట్ట అట్లాగే చచ్చిపోయింది. వెంటనే పంజరం ఆటోలో పెట్టుకొని కామారెడ్డి పశువుల డాక్టరు దగ్గరికి బయలుదేరాడు.

దారిలో గౌరవ్వ అనే ముసలామె ఎక్కింది. "జర ఒళ్లో పెట్టుకో అవ్వా, దానికి వెచ్చగ ఉండాలె," అన్నాడు. ఆమె పంజరానికి కొంగు కప్పి రెండు చేతులా పొదివి పట్టుకుంది. వెనక లారీలు ఎంత హారన్ కొట్టినా ఆటో గుంతగుంతకూ ఆగి, పెళ్లినడకన సాగింది.

సగం దారిలో గౌరవ్వ కొంగు కొద్దిగా ఎత్తి చూసి, "ఆపు బిడ్డా, గుడ్డు పెట్టింది," అంది.

భూమేశ్ దిగి కొంగు తొలగించి చూశాడు. పిట్ట ఈకలు దులుపుకొని గింజల వైపు నడుస్తోంది. అతను రోడ్డు పక్కనే చతికిలబడి గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు.

"ఇగ ఇంటికి మళ్లుత అవ్వా."

"మంచిదే బిడ్డా. మరి నన్ను కామారెడ్డిల ఎవరు దింపుతరు?"