దూలం మీది తాడు

మొన్న పొద్దున కొత్తగూడెంలో మా ఇంటి ముందు లారీ దిగిన మనిషి, "మీ మామ వోయిండు, జల్దీ రార్రి" అన్నాడు. మామ అంటే నా భర్త తండ్రి. గోదారి రేవులో పడవ తాళ్లు అల్లేవాడు. నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చున్నాను గానీ కోపమే ముందొస్తోంది.

ఆయన తాడుకు ముడి వేయగా నేను చూడలేదు. తెగిన కొసలను పేటలుగా విప్పి, దుప్పికొమ్ము మొనతో సందు చేసి, ఒకదాన్ని ఇంకోదాని కిందికి దూర్చి అల్లేవాడు. పైన ఇప్పనూనె రాసేవాడు. కాపురానికొచ్చిన కొత్తలో నేను తెగిన చేంతాడుకు ముడేసి నీళ్లు తోడుతుంటే బావి దగ్గరే పట్టుకున్నాడు. "ఏంది బిడ్డా గిది? ముడి కాడ తాడు సగం సచ్చినట్టే" అని లాక్కున్నాడు. ఆయన అల్లేదాకా ఖాళీ బిందెతో నిలబడ్డాను, చుట్టూ ఆడవాళ్లు ఒకటే నవ్వు. మెత్తగా చెప్పడం ఆయనకు రాదు. కానీ కూర మాడినా మారుమాట లేకుండా తినేవాడు.

ఆ ఏడు వరదకు పెద్ద పడవ కొట్టుకుపోయింది. అందులో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. దాన్ని కట్టింది పడవ నడిపే సరంగు. ఒడ్డున గుంజకు తగిలించే ఉచ్చు మామ అల్లింది. తాడు చాలక సరంగు ఇంకో ముక్క ముడేశాడు. పదిమందిలో మాత్రం "ముసలోని అల్లిక ఊడింది" అన్నాడు. అందరూ నమ్మారు.

నీళ్లు తీశాక చూస్తే ఉచ్చు గుంజకే ఉంది. తాడు ముడి దగ్గర తెగింది. మామ దాన్ని తెచ్చి చూపిస్తే సరంగు, "అయిపోయినదానికి ఇప్పుడెందుకే" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు సరంగు మాటకే తలూపారు. రేపు అతని పడవే ఎక్కాలి కదా మరి.

ఆ తర్వాత మామకు ఎవరూ పడవ తాడు ఇవ్వలేదు. ఎడ్లకు పలుపులు పేనుకుంటూ బతికాడు. ఉచ్చున్న ఆ తెగిన ముక్కను ఇంటి దూలానికి వేలాడదీశాడు. బట్టలారేయడానికి అడిగితే "అది ముట్టకు" అన్నాడు.

మొన్న పాడె కట్టడానికి తాడు చాలలేదు. దూలం మీది తాడు నేనే తీసిచ్చాను. కావాలనే ఇచ్చాను.

శ్మశానం గోదారి ఇసుకలోనే. ఆడవాళ్లం గట్టు మీద ఆగిపోయాం. చితికి చేర్చేముందు ఏ కట్టూ మిగలకూడదని మావైపు ఆనవాయితీ. "అన్నీ విప్పుర్రి" అని పెద్దాయన కేకేశాడు. ముడులన్నీ చిటికెలో విడిపోయాయి. వెదురుకు తగిలించిన ఉచ్చు, మామ అల్లింది, ఒక్కటే మిగిలింది. తాళ్ల సంగతి తెలిసినవాడు కదా, సరంగు ముందుకొచ్చాడు. గోళ్లతో పీకాడు. పళ్లతో లాగాడు. గోదారి నీళ్లు చల్లగా తడిసి బిగిసిన తాడులో ఒక్క పేటా జారలేదు. రేవంతా చుట్టూ నిలబడి చూసింది. చివరికి తలెత్తకుండా, "ఊడ్తలేదు... కత్తి తేర్రి" అన్నాడు.

ఆ మాట గట్టు మీదికి వినబడింది. వినాల్సిన మనిషి మాత్రం కళ్లు మూసుకుని అతని చేతుల కిందే ఉన్నాడు.